దండు రోడ్డు మీద మూడు కమాన్ల వంతెన

మా వీధిలో ఇద్దరు అమ్మాయిలు అద్దెకు దిగారు. ఇద్దరూ రోడ్ల శాఖలో కొత్తగా ఏఈలుగా, అంటే అసిస్టెంట్ ఇంజనీర్లుగా చేరినవాళ్ళు. నేను అదే శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యానని ఇంటి ఓనరు చెప్పిందట, ఒక ఆదివారం వచ్చి కూర్చున్నారు. ట్రాన్స్‌ఫర్ ఎలా ఆపుకోవాలి, ఏ సీటు మంచిది, కాంట్రాక్టర్లు ఆడవాళ్ళ మాట వింటారా అని అడిగారు. వింటారని చెప్పాను. మొదటి రెండు ప్రశ్నలకీ నా దగ్గర పనికొచ్చే జవాబు లేదు. వాళ్ళు వెళ్ళిపోయాక అనిపించింది, ఈ ఉద్యోగంలో అసలు చేసే పని ఏమిటో వాళ్ళు అడగలేదు, నేనూ చెప్పలేదు అని. అందుకే ఇది రాస్తున్నాను.

నా పేరు వరహాలమ్మ. పెందుర్తి దాటి కాస్త లోపలికి వెళ్తే మా ఊరు. మాది వ్యవసాయ కుటుంబం. మధ్యలో ఎక్కడెక్కడికో తిప్పినా నా సర్వీసులో ఎక్కువ భాగం ఒకే రోడ్డుతో గడిచింది. శాఖ మ్యాపుల్లో దానికో నంబరుంది. మా వైపు జనానికి మాత్రం అది దండు రోడ్డు. విశాఖపట్నం నుంచి పెందుర్తి మీదుగా విజయనగరం కంటోన్మెంటు వైపు పటాలాలు నడవడానికి తెల్లదొరల కాలంలో వేసిన రోడ్డు. మా నాన్న ఆ రోడ్డు మీదే వంకాయలూ ఆనపకాయలూ ఎడ్లబండి కట్టి విశాఖపట్నం పూర్ణా మార్కెట్‌కి తోలేవాడు. బస్తాల మీద కూర్చుని నేనూ వెళ్ళేదాన్ని. ఆ రోడ్డుకే ఇంజనీరునవుతానని అప్పుడు ఎవరైనా చెప్పుంటే నాన్న బండి ఆపి మరీ నవ్వేవాడు.

జీపు దిగడం

నా మొదటి బాసు జోగారావు గారు. డీఈ, అంటే డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు. బొబ్బిలి వైపు మనిషి. చేరిన వారంలో నన్ను పిలిచి, "రోడ్డు సూసినావేటమ్మా?" అన్నారు.

"చూశాను సార్. జీపులో ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్ళొచ్చాను."

"జీపులో కూకుంటే రోడ్డేటి కనపడతాది? గుంతలు కనపడతాయి. రేపు వానొచ్చీలాగుంది. గొడుగట్టుకుని రా."

మర్నాడు నిజంగానే వాన. ఆయన గొడుగు వేసుకుని ముందు నడిచారు, నేను చెప్పులు చేత్తో పట్టుకుని వెనక నడిచాను. పెందుర్తి నుంచి గెడ్డ దాకా, కొండ నీళ్ళు పారే ఆ వాగు దాకా నడిపించారు. దారిలో ఒక్కటే మాట మళ్ళీ మళ్ళీ అడిగారు. "నీళ్ళెటు పోతన్నాయి?" నేను చెప్పలేకపోతే అక్కడే నిలబెట్టేసేవారు, చూసి చెప్పేదాకా. రెండు గంటల తర్వాత నాకు కనిపించడం మొదలైంది. పక్కన అప్పట్లో కొత్తగా వేసిన రోడ్ల మీద నీళ్ళు నిలిచి ఉన్నాయి. దండు రోడ్డు మీద ఎక్కడా నిలవలేదు. చుట్టూ పొలాల కంటే మోకాలెత్తు పైన ఉంది. అర్థంపర్థం లేకుండా వంకర్లు తిరుగుతోందని నేననుకున్న చోటల్లా అది నేలలో ఎత్తుగా ఉన్న గట్టు వెతుక్కుంటూ పోయింది.

"ఫిరంగిని లాక్కెల్లాలమ్మా ఈ రోడ్డు మీద," అన్నారు. "బురదలో దిగబడిపోతే దాన్ని తీడానికి ఎడ్లు సాలవు. అందుకే వంకరైనా పర్నేదు, నీళ్ళు మాత్రం నిలవకూడదనుకున్నారు."

మర్నాడే పూర్ణా మార్కెట్‌కి వెళ్ళి కాన్వాసు బూట్లు కొనుక్కున్నాను. ఆ తర్వాత ఏ సెక్షన్‌కి వేసినా మొదటి వానకి నడిచి చూడకుండా ఏ పనీ మొదలుపెట్టలేదు. అందులో గొప్పేమీ లేదు కానీ, నా వయసు ఇంజనీర్లలో అలా చేసినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

జోగారావు గారిలో నాకు నచ్చనిదీ ఒకటుంది. గ్యాంగు కూలీలను నలుగురిలో నిలబెట్టి తిట్టేవారు. నోటికేది వస్తే అది. పని నేర్పడానికి అలా తిట్టక్కర్లేదని ఆయన దగ్గరే తెలుసుకున్నాను. ఆయన దగ్గర నీళ్ళు చూడడం నేర్చుకున్నాను, ఆ నోరు మాత్రం నేర్చుకోలేదు.

ఎవరి కోసం వేశారు

ఈ రోడ్డు చరిత్ర పుస్తకంలా ఒక చోట దొరకదు. ఆఫీసులో ఉన్న పాత డ్రాయింగుల్లో కొంత, రోడ్డు మీద కొంత, దాని పక్కన బతికినవాళ్ళ నోట్లో కొంత ఉంది. ఏ సంవత్సరంలో మొదలుపెట్టారో, ఏ దొర వేయించాడో నేను చెప్పను. నాకు కచ్చితంగా తెలియదు. తెలిసినంత చెప్తాను.

ఒక పటాలం పొద్దున్నే బయల్దేరి ఎండ ముదిరేలోపు నడవగలిగినంత దూరానికొక మజిలీ ఉండేది. అక్కడ డేరాలు వేసుకోడానికి మైదానం, రాళ్ళతో కట్టిన పెద్ద బావి. పెందుర్తి అవతల అలాంటి మైదానం ఒకటి నా చిన్నప్పుడు ఇంకా ఖాళీగానే ఉండేది, దాన్ని డేరాల గరువు అనేవాళ్ళు. ఇప్పుడక్కడ అపార్టుమెంట్లు. రోడ్డుకి రెండు వైపులా చింతచెట్లు సిపాయిలకి నీడ కోసం నాటినవే. విస్తరణలో చాలావాటిని కొట్టేశాం. కొన్ని మిగిలాయి.

ఇది మనకోసం వేసిన రోడ్డు కాదు. అది దాచడం నాకిష్టం లేదు. కొండల్లో పితూరీ లేస్తే అక్కడికి ఫిరంగులు త్వరగా చేర్చడానికి వేశారు. మట్టి మోసినవాళ్ళూ రాయి కొట్టినవాళ్ళూ మా ఊళ్ళవాళ్ళే. చాలామందిని పొలం పనుల్లోంచి బలవంతంగా పట్టుకొచ్చారని మా నాయనమ్మ వాళ్ళ పెద్దల మాటగా చెప్పేది. సిపాయిలు పోయారు, ఫిరంగులు పోయాయి. ఆ తర్వాత అదే గట్టు మీద బెల్లం బళ్ళు, ఉప్పు బళ్ళు, మా నాన్న కూరగాయల బండి నడిచాయి. పోర్టు పెరిగాక లారీలు వచ్చాయి. స్టీల్ ప్లాంటు వచ్చాక ఇనుప చుట్టలు మోసే ట్రైలర్లు. వేయించినవాడి ఉద్దేశం ఏదైనా, మోసినవాళ్ళ పని ఇంకా నిలబడి ఉంది. నేను గర్వపడేది ఆ రెండో సంగతికి.

ఆ రోడ్డు మీద అన్నిటికంటే మంచి కట్టడం గెడ్డ మీద వంతెన. రాతి కమాన్లు మూడు. సిమెంటు లేదు, సున్నమే. రెండు ఎడ్లబళ్ళు ఎదురెదురుగా వస్తే ఒరుసుకుంటూ పోగలిగినంత వెడల్పు. గొడవ అక్కడే వచ్చింది.

వంతెన మీద చావు

నేను ఆ సబ్‌డివిజన్‌కి డీఈగా ఉన్నప్పుడు, వంతెన మీద ట్రైలరుకీ పిట్టగోడకీ మధ్య ఒక బైకు ఇరుక్కుపోయింది. నడుపుతున్న కుర్రాడి పేరు రాము. పక్క ఊరివాడు, వెల్డరు. పనికి పోతూ అక్కడే చనిపోయాడు. ఊరంతా వచ్చి రోడ్డు మీద కూర్చుంది. మా పై అధికారి, ఎస్‌ఈ చలపతిరావు గారు వచ్చి, ఈ వంతెన పగలగొట్టి ఇదే చోట వెడల్పుగా కొత్తది కడతామని జనానికి మాటిచ్చారు. జనం లేచారు.

మర్నాడు ఆయన ఆఫీసుకి వెళ్ళాను.

"సార్, పాతది ముందే పగలగొడితే ట్రాఫిక్ ఎటు పోవాలి?"

"గెడ్డలో పైపులు వేసి తాత్కాలిక దారి. అందరూ చేసేదే కదండీ."

"ఆ గెడ్డకి వరదొస్తే పైపులు నిలవవు సార్. కొండ నీళ్ళు ఒక్కసారి వచ్చేస్తాయి. అవతల పాతిక ఊళ్ళు, ఆసుపత్రి ఇవతల. కొత్తది పక్కన కడదాం. అది పూర్తయ్యేదాకా పాతదాన్నే వాడదాం."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "వరహాలమ్మ గారూ, జనానికి కోపంగా ఉంది. పాతది పడగొడుతుంటే చూస్తేనే వాళ్ళు నమ్ముతారు."

"ఇప్పుడు నమ్ముతారు సార్. వానాకాలంలో తిడతారు."

"ఇంకా ఏడాది, రెండేళ్ళు ట్రైలర్లు దాని మీద నుంచే పోవాలంటున్నారు. ఆగుతుందని మీరు రాసిస్తారా?"

"టెస్టు చేసి రాసిస్తాను."

"టెస్టులో తేడా వస్తే?"

"అప్పుడు నేనే పగలగొట్టమని రాస్తాను."

చలపతిరావు గారి గురించి తర్వాత మావాళ్ళు చాలా అన్నారు, జనానికి భయపడే మనిషని. నేను అలా అనుకోను. జనం ముందు ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవడం ఏ ఆఫీసరుకీ తేలిక కాదు. ఆయన ఆ రోజు తీసుకున్నారు. మీకూ పైవాళ్ళు ఉంటారు. వాళ్ళకి కాదని చెప్పేముందు, ఔననిపించేంత పని చేసుకుని వెళ్ళండి.

జనానికి చెప్పడం మాత్రం నా మీదే పడింది. వంతెన దగ్గరికి వెళ్ళేసరికి రాము అన్న సింహాచలం, ఊరివాళ్ళూ నిలబడి ఉన్నారు. సింహాచలం అడ్డం వచ్చాడు.

"మేడంగోరికి పాత రాళ్ళ మీద ప్రేమంట. మావోళ్ళ మీద లేదంట."

"సింహాచలం, మీ తమ్ముడు పోయింది వంతెనకి బలం లేక కాదు. వెడల్పు లేక. వెడల్పు నేను ఇస్తాను. అందాకా దీని మీద ఒకేసారి రెండువైపుల నుంచీ బళ్ళు రానివ్వను. రేపట్నుంచి ఇటొకరు, అటొకరు జెండా మనుషులు ఉంటారు."

"ఎవులుంతారు? మీ ఆఫీసోళ్ళా? రెండ్రోజులుండి ఎల్లిపోతారు."

"మీ ఊరివాళ్ళనే పెట్టుకోమని రోడ్డు మరమ్మతుల కాంట్రాక్టరుకి చెప్పాను. నువ్వొస్తావా?"

అతను నా వైపు చూడకుండానే వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. జెండా పని మొదలైన కొద్దిరోజులకి వచ్చి ఎర్రజెండా తీసుకున్నాడు. ఆ రోజునుంచి కొత్త వంతెన పూర్తయ్యేదాకా ఆ చివర అతనే. ఎంత పెద్ద ట్రైలరైనా అతను జెండా దించేదాకా కదిలేది కాదు.

ఖాదర్ భాయి షెడ్డు

కొత్త వంతెనకి స్థలం కావాలి. ఎగువన కరెంటు టవరు, మంచినీళ్ళ పైపులైను. దిగువన ఖాదర్ భాయి షెడ్డు, దాని వెనక అతని ఇల్లు.

ఖాదర్ భాయి లారీల కమాన్‌కట్టలు బాగుచేస్తాడు. చక్రం మీద బరువు మోసే ఇనుప పట్టీల కట్ట. అవి విరిగితే కొత్త పట్టీ కొలిమిలో కాల్చి వంచి బిగించాలి. ఆ షెడ్డు నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. వాళ్ళ నాన్న అక్కడే మా ఎడ్లకి లాడాలు కొట్టేవాడు. వాళ్ళ ముత్తాతలు పటాలంతో వచ్చి గుర్రాలకి లాడాలు కొట్టినవాళ్ళట. గుర్రాలు పోతే ఎడ్లు, ఎడ్లు పోతే లారీలు. రోడ్డు మీద ఏది నడిస్తే ఆ కుటుంబం దాని కాళ్ళు చూసింది.

డ్రాయింగు పట్టుకెళ్ళి చూపించాను. ఖాదర్ భాయి చేతులు గుడ్డకి తుడుచుకుని వంగి చూశాడు.

"ఈ గీత నా కొలిమి మీంచి పోతంది కదమ్మా."

"అవును భాయీ."

"సర్కారు డబ్బులిత్తాదని తెల్సు. ఇశాఖపట్నం పాత ఊళ్ళో మా ఆవిడ తరపోళ్ళున్నారు, అక్కడికొచ్చీమంతన్నారు. పూర్ణా మార్కెట్ సందుల్లో లారీ దూరతాదేటి? నా పని రోడ్డు పక్కనే ఉండాల. మీరే సెప్పండి, నానేటి సెయ్యాల?"

డ్రాయింగు చుట్టుకుని వచ్చేశాను. రెండు వారాలు కూర్చుని మళ్ళీ గీశాను. కొత్త వంతెనని గెడ్డకి కాస్త ఏటవాలుగా తిప్పి, పాతదానికి దగ్గరగా జరిపితే అతని ఇల్లూ కొలిమీ మిగులుతాయి. షెడ్డు ముందుభాగం పోతుంది. ఏటవాలు వంతెన కట్టడం కష్టం, లోపలి ఇనుప కమ్మీల లెక్క మారుతుంది, డిజైన్ ఆఫీసువాళ్ళు విసుక్కున్నారు. విసుక్కోనిచ్చాను.

రెండోసారి చూపించినప్పుడు ఖాదర్ భాయి చాలాసేపు వేలితో గీతల వెంట పోయాడు.

"ముందర రోడ్డు ఎత్తవుద్ది కదా. నా వాకిట్లోకి లారీ ఎలా దిగతాది?"

"ఇక్కడ వాలు ఇస్తాను."

"గీసి సూపించండి."

అతని ముందే పెన్సిలుతో గీశాను. లారీ తిరగడానికి చాలదన్నాడు. ఇంకాస్త వెడల్పు చేశాను. అప్పుడు టీ తెప్పించాడు. ఆ టీ నా సర్వీసులో నాకు దొరికిన మంచి సర్టిఫికెట్లలో ఒకటి. రోడ్డు పేరు చెప్పి ఎవరి బతుకైనా లేపేయడానికి మనకి అధికారం ఉంటుంది. ఆ అధికారం వాడేముందు ఇంకోసారి గీయండి. ఎక్కువసార్లు దారి దొరుకుతుంది.

కమాను కింద

టెస్టు ఎలా చేస్తారంటే, బరువు తెలిసిన లారీలను కమాను నడినెత్తిన నిలబెడతారు. కింద పరంజా కట్టి డయల్ గేజీలు పెడతారు. గడియారం లాంటివి, ముల్లుంటుంది. కమాను వెంట్రుకవాసి దిగినా ముల్లు చెప్తుంది. లారీలు తీసేశాక ముల్లు తిరిగి దాదాపు మొదటి చోటికి రావాలి. రాకపోతే రాళ్ళు జరిగాయని అర్థం.

గేజీలు కింద ఉంటాయి కాబట్టి చూసేవాళ్ళు కిందే ఉండాలి. కొత్తగా చేరిన ఏఈని పంపుదామన్నారు కాంట్రాక్టరు. నేను దిగాను. రాసిస్తానన్నది నేను కాబట్టి.

గెడ్డలో మోకాలి లోతు నీళ్ళు. పైన కంకర నిండా నింపిన రెండు టిప్పర్లు పక్కపక్కన వచ్చి ఆగాయి. తల ఎత్తితే ఆ రాళ్ళు. ఒకదాన్నొకటి నొక్కుకుంటూ, మధ్యలో సున్నం గీతలు. చిన్నగా సున్నం పొడి రాలింది. కళ్ళు తుడుచుకుని గేజీ వైపు చూశాను. ముల్లు కదిలింది. కాస్త కదిలి ఆగింది. ఆగే ఉంది. టిప్పర్లు వంతెన దిగి పోయాయి. ముల్లు మెల్లగా వెనక్కి వచ్చింది. మూడు కమాన్ల కిందా అలాగే చేశాం.

పైకి వచ్చేసరికి ఖాదర్ భాయి పిట్టగోడ దగ్గర నిలబడి ఉన్నాడు.

"ముల్లు ఎనక్కొచ్చిందామ్మా?"

"వచ్చింది."

"అయితే పర్నేదు. నాను సేసీదీ కమానే, ఇదీ కమానే. బరువెడితే వంగాల, తీసెత్తే లేవాల. లేవకపోతే దాని పనైపోయినట్టే."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ సాయంత్రమే రాసి సంతకం పెట్టి చలపతిరావు గారికి పంపాను.

తుఫాను రోజు

కొత్త వంతెన స్తంభాలు లేచి, పైన కాంక్రీటు పోతకి పరంజా కడుతుండగా అక్టోబరు తుఫాను వచ్చింది. పొద్దున్నుంచీ కుండపోత. పదకొండు అయ్యేసరికి గెడ్డ ఎర్రగా ఒడ్డులొరుసుకుంటూ వచ్చింది. మా పరంజా దుంగలన్నీ పుల్లల్లా కొట్టుకుపోవడం కళ్ళారా చూశాను. పాత వంతెన మాత్రం కదలకుండా ఉంది. నీళ్ళు కమాన్ల వంపు మొదలయ్యే భుజాల దాకా వచ్చాయి.

సింహాచలాన్ని పిలిచి వంతెన మూసేయమన్నాను.

రెండువైపులా లారీలు ఆగిపోయాయి. ఒక ట్రైలర్ డ్రైవరు దిగి వచ్చి గొడవపెట్టుకున్నాడు. సింహాచలానికీ అర్థం కాలేదు, అతనే అడిగాడు. "మేడం, మీరే కదా టెస్టు సేసి గట్టిదన్నారు. ఇప్పుడెందుకు ఆపుతన్నారు?"

"టెస్టు చేసినరోజు దాని కాళ్ళు కనిపించాయి. ఇవాళ కనిపించట్లేదు."

ఆ వేగంలో నీళ్ళు స్తంభం మొదట్లో మట్టిని కోసేస్తాయి. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. రాయి ఎంత గట్టిదైనా కింద నేల లేకపోతే నిలవదు. చలపతిరావు గారికి ఫోన్ చేశాను. కలెక్టరాఫీసు నుంచి ఒత్తిడి వస్తోందన్నారు, తర్వాత, "మీరు అక్కడున్నారు. మీరే చెప్పండి," అన్నారు. మూసే ఉంచుతానన్నాను.

అప్పుడు అవతలి ఒడ్డున ఒక ఆటో వచ్చి ఆగింది. అందులో నొప్పులు పడుతున్న అమ్మాయి, ఆమె తల్లి. సింహాచలం వాళ్ళ ఊరివాళ్ళే. ఆసుపత్రి ఇవతల. ఆటో బరువెంతని వదిలేయమన్నారు అందరూ. ఒక ఆటోని వదిలితే దాని వెనకే ట్రైలరు కూడా వస్తుంది, ఆపలేను. అది నాకు తెలుసు.

"ఆటో వద్దు. మనుషులు రావచ్చు," అన్నాను. "నేను ముందు నడుస్తాను."

మనుషుల బరువు ఆ వంతెనకి లెక్కలోకి రాదు. పడితే దాని సొంత బరువుకే పడాలి. ఆ లెక్క తెలిసీ, మొదటి కమాను మీద అడుగు పెట్టినప్పుడు పాదాల కింద నీళ్ళ అదురు తెలుస్తుంటే పిట్టగోడ పట్టుకుని నడిచాను. అవతలికి వెళ్ళాను. ఖాదర్ భాయి షెడ్డులోంచి ఇనుప కుర్చీ మోసుకుని సింహాచలం, ఇంకో ముగ్గురు నా వెనకే వచ్చారు. అమ్మాయిని కూర్చోబెట్టారు. ఆమె నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"పడిపోద్దేటమ్మా?" అంది.

"పడదు. నువ్వు నన్ను చూడు, నీళ్ళని చూడకు."

తిరిగి వస్తున్నంతసేపూ ఆమె నా మొహమే చూసింది. ఇవతల ఖాదర్ భాయి, రిపేరుకి వచ్చిన ఒక వ్యానుని తనే నడుపుకొచ్చి సిద్ధంగా ఉంచాడు. పెందుర్తి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ఆడపిల్ల పుట్టిందని మర్నాడు తెలిసింది, తల్లీ పిల్లా క్షేమం.

వరద తగ్గాక గెడ్డలోకి దిగాం. నడి స్తంభం ఎగువ వైపు మొదట్లో గునపం గుచ్చితే చేతికందకుండా లోపలికి పోయింది. కింద అంత ఖాళీ. దాన్ని రాళ్ళూ కాంక్రీటుతో నింపేదాకా మళ్ళీ బళ్ళు వదల్లేదు. ఆ రోజు ట్రైలర్లు పోయుంటే ఏమయ్యేదో నేను చెప్పలేను. పోలేదు, అంతే. పైపుల దారి వేసి ఉంటే ఆ వరదలో ఒక్క పైపూ మిగిలేది కాదు, అవతలి ఊళ్ళు నెలల తరబడి అటే ఉండిపోయేవి. రెండు నిర్ణయాలూ నావే. ఈ వయసులో చెప్పుకోడానికి మొహమాటం లేదు.

జోగారావు గారు అప్పటికి రిటైరై చాలాకాలం. ఎవరో చెప్తే కర్ర పట్టుకుని చూడ్డానికి వచ్చారు. గట్టు మీద నిలబడి స్తంభం కింద ఖాళీ చూశారు.

"బళ్ళు ఆపీసినావా?"

"ఆపాను సార్."

"మంచి పని సేసినావు."

ఆయన నోటి వెంట ఆ మాట వేరే ఎవరి గురించైనా వచ్చిందని నేను వినలేదు.

ఇసక

వేసవికి కొత్త వంతెన పూర్తయింది. పెద్దల పేర్లు చెక్కిన నల్లరాతి ఫలకం, పూలదండలు, ఉపన్యాసాలు అన్నీ అయ్యాయి. రిటైరయ్యేముందు నా ఆఖరి పని మాత్రం పాత వంతెన కింద మిగిలింది. స్తంభాల మొదళ్ళు మళ్ళీ కోసుకుపోకుండా గెడ్డ అడుగున ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి కాంక్రీటు పరుపు వేయాలి. నీళ్ళు పక్కకి మళ్ళించి ఇసక తోడితే, ఎన్నడూ వెలుగు చూడని అడుగు వరస రాళ్ళు బయటపడ్డాయి. కొన్నిటి మీద ఉలి గుర్తులున్నాయి. ఒకదాని మీద చేప, ఒకదాని మీద త్రిశూలం, ఇంకోదాని మీద మూడు గీతలు. రాళ్ళు చెక్కినవాళ్ళు వేసుకున్న సొంత గుర్తులవి. నీళ్ళ కింద, ఇసక కింద, ఎవరూ చూడరని తెలిసే వేసుకున్నారు.

పరుపు పోత అయిపోయి పైన నున్నగా తాపీ తిప్పుతున్నారు. సింహాచలం గట్టు మీద నుంచి దిగి వచ్చాడు. కొత్త వంతెన వచ్చాక జెండా పని లేదు, ఈ పోతలో కూలీగా చేరాడు. చిన్న కమ్మీ ముక్క తీసుకుని, పచ్చి కాంక్రీటు మీద వంగి మెల్లగా రాశాడు. రాము.

కాంట్రాక్టరు సూపర్‌వైజరు తాపీ పట్టుకుని చెరిపేయడానికి వచ్చాడు. ఉండనీమన్నాను. అది చూసి తక్కిన కూలీలు ఒక్కొక్కరే వచ్చి రాసుకున్నారు. రాయడం రానివాళ్ళు బొటనవేలు నొక్కారు. చివరికి సింహాచలం కమ్మీ ముక్క నాకు చాపాడు.

"మీదీ ఎయ్యండమ్మా."

శాఖ పనిలో ఇంజనీరు పేరు రాసుకోకూడదు. ముప్పై ఏళ్ళకి పైగా ఎక్కడా రాసుకోలేదు కూడా. చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని వంగి, ఇంట్లో పిలిచే పేరు రాశాను. వరాలు.

కాంక్రీటు గట్టిపడేదాకా తడి గోనెలు కప్పి ఉంచాం. తర్వాత అడ్డుకట్ట తీయించాను. నీళ్ళు మెల్లగా వచ్చి పేర్ల మీదుగా పారాయి. మొదటి వానకి ఇసక వచ్చి అన్నిటినీ కప్పేసింది.